304లో కాలిన గిన్నె హోల్డర్

శనివారం ఉదయం 7:40. కె.ఆర్.పురంలోని ఒక అపార్ట్‌మెంట్‌లో 304వ ఫ్లాట్ నుంచి పొగ వచ్చింది. మైక్రోవేవ్ మాడిపోయింది. ఒంటరిగా ఉండే ఆనందరావు కుడిచెయ్యి కాలింది.

తొమ్మిదికల్లా దోషి కూడా తేలిపోయింది. కింద గదిలో అద్దెకుండి బట్టలు కుట్టే సుగుణమ్మ. వేడి గిన్నె చెయ్యి కాల్చకుండా, గిన్నెతోపాటే మైక్రోవేవ్‌లో పెట్టే గుడ్డ హోల్డర్ అంటుకుంది; అది ఆమె కుట్టిందే. సాయంత్రం అయిదులోగా గది ఖాళీ చెయ్యాలని అసోసియేషన్ సెక్రటరీ యశ్వంత్ నోటీసు అంటించాడు.

ఆ నోటీసు 102లోని వెంకటగిరియప్ప కంటబడింది. ఆయన చిక్కపేటలో నలభై ఏళ్లు బట్టలమ్మిన మనిషి. గోడౌన్లు తగలబడితే ఇన్సూరెన్స్‌వాళ్లు ఎంక్వయిరీకి ఆయన్నే పిలిచేవాళ్లు. సరుకునైనా, మాటనైనా తడిమి చూడందే తీసుకోడు.

"ఏం గుడ్డమ్మా అది?" సుగుణమ్మ గదికెళ్లి అడిగాడు.

"కాటన్."

"లోపలి పొర?"

"అదీ కాటనే. పాలిస్టర్ వేస్తే కరిగిపోద్దని నాకు తెలీదా అన్నయ్యా?"

"దారం?"

"కాటనే. దీనిమీదే బతుకుతున్నా. ఈ వయసులో ఎక్కడికి పోను?"

11:15. వెంకటగిరియప్ప 304లో మైక్రోవేవ్ తెరిచాడు. మసిని వేళ్లతో నలిపాడు. మెత్తటి బూడిద. పాలిస్టరైతే గట్టి పూసలు కట్టాలి. ఒక్కటీ లేదు.

ఒక అంచు మాత్రం కాలీకాలక మిగిలింది. వాసన చూశాడు. వేలికి ఏదో గుచ్చుకుంది.

"ఆనందరావప్పా, హోల్డర్‌కి నువ్వేమన్నా కుట్టినావా?"

"లేదండీ."

"ఇంటికి ఎవరన్నా వచ్చినారా?"

"నా ఇంటికెవరొస్తారండీ?"

4:30. అందరినీ 304కే పిలిపించాడు.

"అంకుల్, నాకు కాల్ ఉంది. త్వరగా," అన్నాడు యశ్వంత్.

"నీ కాల్ యాడికీ పోదులే. కాటన్ కాలితే కాగితం వాసన. ఇది చూడు, వెంట్రుకలు కాలిన వాసన. అంటే పట్టు. గుచ్చుకున్న ఈ తీగ జరీ. లోహం మైక్రోవేవ్‌లోకి పోతే నిప్పులే."

"ఆంటీయే కుట్టిందేమో!"

"ఆయమ్మది మిషన్ కుట్టు. ఈ అంచు వంకరటింకర చేతికుట్టు. మిగిలిన పోగు తెల్లగా ఉండాది. జరీ ఉండే తెల్లపట్టు నా అంగట్లో చర్చి పెండ్లిండ్లకే కొంటా ఉండిరి. ఆయమ్మ కుట్టలేదు. ఇంగ ఈ ఇంట్లో ఎవరుండారు?"

ఆనందరావు తల వంచుకున్నాడు.

"నా భార్య పెళ్లిచీర అంచండీ. నేనే కుట్టుకున్నా. రెండు చేతుల్తో గిన్నె పట్టుకుంటే... తను ఎదురుగా ఉన్నట్టుండేది."

"పొద్దున అడిగితే లేదంటివే?"

"చీర ముక్క పట్టుకుని జావ తాగుతున్నాడని నవ్వుతారని. తప్పే. ఈమెను రోడ్డు మీదికి తెచ్చాను."

సుగుణమ్మ మెల్లగా అడిగింది. "చీర ఇంకా ఉందా అన్నా?"

"తను పోయినప్పుడు కట్టే పంపించాం, పెట్టెలో. జానెడు అంచు కోసి ఉంచుకున్నా. అంతే."

యశ్వంత్ కిందికెళ్లి నోటీసు చింపేశాడు. సుగుణమ్మ వెనకే మెట్లు దిగింది.

కేసు తేలింది. వెంకటగిరియప్ప దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ లేదు. అయినా ఆనందరావుకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన 102లో కూడా ఎవరూ లేరు.