లిథియంలో దొరికిన హంతకుడు

భౌతిక శాస్త్రవేత్త ఇంగ్వర్‌ని కాల్చినప్పుడు అతని చేతిలో సుద్దముక్క ఉంది. సరిహద్దు దాటి మా ల్యాబుకి రమ్మని శత్రువులు పిలిస్తే రానన్నాడు. అంతే, వీపులో బుల్లెట్ దించారు.

తమ్ముడు తోర్‌స్టెన్ స్వీడన్ సీక్రెట్ ఏజెంట్. అతను ఏడవలేదు. కడుపు మండిపోతుంటే కన్నీళ్లెక్కణ్నుంచి వస్తాయి?

"హంతకుడి మొహం ఎవరూ చూడలేదు. ఉప్సాలా మీటింగుకి వచ్చిన డాక్టర్ క్రాన్జ్ మీద నా అనుమానం" అన్నాడు చీఫ్. "మీ అన్నలాగే లిథియం పరమాణువు ఎనర్జీ లెక్కలు వేస్తాడట. కాఫీ అవగానే ప్రొఫెసర్ ఎక్‌లుండ్‌ని కారెక్కించి హార్బర్‌కి తీసుకుపోవాలని వాడి ప్లాన్. మీ అన్న లెక్కల పద్ధతి తెలిసినవాడు ఇక ఆ ముసలాయనొక్కడే."

"కాల్చేస్తాను."

"నిజంగా సైంటిస్టయితే? రుజువు కావాలి. మన గున్నిలా వాడు అసలైన సైంటిస్టేనంటోంది."

ఏజెంట్ గున్నిలా అందగత్తె. భౌతికశాస్త్రం చదివింది కూడా. నక్క తోలు కోటు వేసుకుని మీటింగుకి వచ్చింది. నౌకరు వేషంలో ఉన్న తోర్‌స్టెన్ ఆ కోటు అందుకుని కొక్కేనికి తగిలించాడు. తర్వాత ఫ్లాస్కు పట్టుకుని కాఫీ పోయడం మొదలుపెట్టాడు.

అన్నయ్య వంటింటి బల్ల దగ్గర చెప్పిన మాట చెవుల్లో మోగుతోంది. "ఈ పద్ధతిలో ఎంత బాగా లెక్కేసినా ఎనర్జీ అసలు విలువకి పైనే ఆగుతుందిరా. లెక్క మెరుగైనకొద్దీ కిందికి జరుగుతుంది. దాన్ని దాటి కిందికి పోయిందా, తప్పు చేశావన్నమాట."

క్రాన్జ్ కప్పు నింపుతూ తోర్‌స్టెన్ అమాయకంగా అడిగాడు. "డాక్టర్ గారూ, లిథియంకి మీరు లెక్కేసిన ఎనర్జీ అసలు విలువకన్నా కిందికి దిగిందటగా? అందరూ అదే చెప్పుకుంటున్నారు."

క్రాన్జ్ మీసం దువ్వాడు. "అవును. మిగతావాళ్లంతా పైనే ఆగిపోయారు, పాపం."

ప్రొఫెసర్ చేతిలోని దాల్చినచెక్క బన్ను కాఫీలో పడింది. "అదెలా కుదురుతుంది నాయనా?"

వాడే. అన్నని చంపింది ఈ వెధవే. గున్నిలా మాత్రం రెప్ప కదల్చలేదు, తప్పని తెలిసి కూడా. కోటు తొడుక్కుంటూ "కార్లో మాట్లాడుకుందాం పదండి ప్రొఫెసర్" అంది. క్రాన్జ్ ముసలాయన డొక్కలో పిస్తోలు ఆనించి గుమ్మం దాటించాడు.

కారు తలుపు మూతపడబోతుండగా వెనకే వచ్చిన తోర్‌స్టెన్ ఫ్లాస్కు అడుగున దాచిన పొగడబ్బా మూత తిప్పాడు. తెల్లటి పొగ కారంతా కమ్మేసింది. దగ్గుతూ తడబడ్డ క్రాన్జ్ చెయ్యి విరిచి, ప్రొఫెసర్‌ని బయటికి లాగేశాడు. గున్నిలా కోటులోంచి పిస్తోలు తీసి నొక్కింది. టిక్కుమంది.

"వీణ్ని అసలైనవాడన్నప్పుడే నీమీద అనుమానం వచ్చింది. కోటు తగిలించినప్పుడే తూటాలు తీసేశాను. నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

క్రాన్జ్ గొంతు తోర్‌స్టెన్ పిడికిట్లో ఉంది. ఇంకొంచెం బిగిస్తే చాలు. కానీ క్షణంలో పోతే అది పగెలా అవుతుంది? పిడికిలి వదిలి ఇద్దరికీ బేడీలు వేశాడు.

క్రాన్జ్‌కి యావజ్జీవం పడింది. వాడి సెల్లుకి తోర్‌స్టెన్ అన్నయ్య వాడిన, చేత్తో తిప్పే లెక్కల మిషన్, తెల్లకాగితాల కట్టలు పంపాడు. లిథియం లెక్క సరిగ్గా తేలేదాకా సిగరెట్లు, కాఫీ బంద్.

"మీ అన్నకే ఆరేళ్లు పట్టింది కదయ్యా" అన్నాడు చీఫ్. "ఒకవేళ తేల్చేస్తే?"

"లిథియంలో ఎలక్ట్రాన్లు మూడే సార్. బెరీలియంలో నాలుగున్నాయి."