వేడినీళ్ళలో ఉతికిన కొలత

మూడు షాపుల్లోనూ ఒకటే పాట. "ఇంకొంచెం వేసుకుంటే కొత్త సోఫానే వస్తాది కదా మేడం!"

ఆ ఇంకొంచెమే ఉంటే సాయిశ్రీ పాత సోఫాకు బట్ట మార్పించడానికి ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సులో నిలబడి ఎందుకొస్తుంది? నాలుగో షాపులో మాత్రం అతను కొత్తదాని ఊసెత్తలేదు. ఫోన్‌లో ఫొటోలు చూసి, "కట్టె ఏందీ?" అన్నాడు.

"కనిపిస్తాంది కదా."

"ఫొటోలో అన్నీ నున్నగానే ఉంటాయి. వేలితో కొడితే ఎట్లా మోగుతాది?"

ఈ మనిషికి కొంచెం తిక్క ఉన్నట్టుంది అనుకుంది సాయిశ్రీ. అయినా ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "అమ్మా, ఆ కుర్చీని ఒకసారి వేలితో కొట్టు."

"ఏమైందే నీకు? ఎండ దెబ్బ తగిలిందా?" అంటూనే సరోజమ్మ కొట్టింది. టక్, టక్.

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. "టేకు. ఇంకో ముప్పై ఏండ్లు ఢోకా లేదు. బట్ట ఒకటే పాడైంది."

అలా లోకేశ్ పరిచయమయ్యాడు.

సాయిశ్రీ ఫిజియోథెరపీ చదివి, ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర గది అద్దెకు తీసుకుంది. శుక్రవారం క్లినిక్ తెరవాలి. వచ్చినవాళ్ళు కూర్చోవడానికని ఒక సోఫా, రెండు కుర్చీలు పెద్దక్క ఇంట్లో పాతబడి, చిన్నక్క ఇంట్లో చిరిగి, చివరికి ఆమె వంతుకు వచ్చాయి. పుస్తకాలు, లంగాఓణీలు, సైకిలు అన్నీ అట్లా వచ్చినవే. మూడో ఆడపిల్లంటే అంతే మరి! ఇరవై ఆరేళ్ళు వచ్చినా, ఇది నేను ఏరుకున్నది అని చెప్పుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. అందుకే ఈ ఒక్కసారి, బట్టయినా తనకు నచ్చిందే వేయించాలని పంతం పట్టింది.

లోకేశ్ తన నాన్న మాధవయ్య బట్టల అంగట్లో మిగిలిన కట్ పీసులు తెచ్చి పరిచాడు. సగం ధరవి. మామిడాకు పచ్చ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇది ఇంకా దొరుకుతాదా?"

"ఉండేది ఇంతే. సరిగ్గా సరిపోతాది."

ఖర్చు తగ్గే ఉపాయం కూడా అతనే చెప్పాడు. మేకులు ఆమే పీకి, పాత తొడుగులు విప్పి తెచ్చివ్వాలి. అవే కొలత. వాటిని పరిచి కొత్త బట్ట కత్తిరించి, గురువారం అతనే ఆళ్లగడ్డకు వచ్చి బిగిస్తాడు. సామాను ఆటో కిరాయి మిగులుతుంది.

తొడుగులు విప్పి చూస్తే సాయిశ్రీకి తల తీసేసినట్టయింది. ఇద్దరక్కల పిల్లల పాల మరకలు, బావల కాఫీ మరకలు. మాసిన గుడ్డ పరాయివాళ్ళ చేతికివ్వడం వాళ్ళ ఇంటావంటా లేదు. వేడినీళ్ళలో నానబెట్టి, బాది, ఆరేసి, ఇస్త్రీ కూడా చేసి సోమవారం పట్టుకెళ్ళింది.

లోకేశ్ మూట విప్పి ఏదో అనబోయాడు. అంతలో ఆమె, "క్లినిక్‌కు ఏం పేరు పెట్టమంటారు?" అని అడిగింది. ఇంకేముంది, మాట మీద మాట, టీ మీద టీ. మూడు బస్సులు వెళ్ళిపోయాయి.

గురువారం ఆళ్లగడ్డలో సన్నగా చినుకులు. సాయిశ్రీ వాళ్ళ ఇంట్లోనే పని. అంచుల్లో మడతకు వదిలిన బట్ట లాగి లాగి సోఫా, ఒక కుర్చీ ఎట్లాగో సర్దాడు లోకేశ్. రెండో కుర్చీ వీపు దగ్గర నాలుగు వేళ్ళు తక్కువైంది. మిగిలినవన్నీ సన్నటి పేలికలే.

"ఏందప్పా ఇది! తెల్లారితే తెరవాల, ఇప్పుడొచ్చి తక్కువంటావ్?" సరోజమ్మ గయ్యిమంది.

"నా తప్పేనమ్మా. కత్తిరించేటప్పుడు పొరపాటైంది. వెనకవైపు పాత సోఫా గుడ్డలో గట్టి ముక్క చూసి వేస్తా. గోడకానిస్తే కనపడదు."

"మళ్ళీ పాతదేనా?" అంది సాయిశ్రీ. "పుట్టినప్పట్నుంచి అక్కలవే. నేను ఏరుకున్నది ఒక్కటే ఒక్కటి. అది కూడా నిండుగా రాకూడదా?"

లోకేశ్ సుత్తి కింద పెట్టి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు.

కోపంతో ఆ కుర్చీ పాత తొడుగు అందుకుని కట్టెకు ఆనించి చూసింది సాయిశ్రీ. చెక్క మీద పాత మేకుల బొక్కలున్నాయి. గుడ్డ అంచునా ఉన్నాయి. రెండూ కలవాలి కదా! కలవలేదు. నాలుగు వేళ్ళ తేడా. వేడినీళ్ళు గుర్తొచ్చాయి. ఆమెకు సిగ్గుతో ముఖం కందిపోయింది.

వరండాలోకి వెళ్ళింది. "ముడుచుకుపోయింది నేను ఉతికినందుకు. మీకు తెలుసు. అమ్మ ముందర ఎందుకు మీ మీదేసుకున్నారు?"

"నా తప్పూ ఉంది. ఉతికిన గుడ్డ కొలతకు పనికిరాదని పని నేర్చుకున్న మొదటి రోజే చెప్పినారు. సోమవారం మూట విప్పంగానే సబ్బు వాసన కొట్టింది." తల గోక్కున్నాడు. "మీరు మాట్లాడతాంటే మర్చిపోయినా."

చినుకులు కాస్త పెద్దవయ్యాయి.

"పోయినేడు తాంబూలాలు మార్చుకున్నాక ఆడపిల్లవాళ్ళు నన్ను వద్దన్నారు. అంగట్లో గద్దె మీద కూచోకుండా సుత్తి పట్టినానని. ఒక ఇంటినుంచి వెనక్కొచ్చినోన్ని. మీకేమో పాతవంటే పడదు. అందుకే ఏమీ అడగలే." లోపలికి వెళ్ళి, గుప్పెడు సన్నమేకులు నోట్లో పోసుకుని పనిలో పడ్డాడు. వాళ్ళ పద్ధతే అంత, ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చుకుని కొడతారు.

సాయిశ్రీ వచ్చి ఎదురుగా కూర్చుంది. "నోట్లో మేకులున్నాయి కాబట్టి అడ్డం రాలేరు. వినండి. క్లినిక్‌లో ఈ కుర్చీ గోడకు వద్దు, నా టేబుల్ దగ్గర వేయండి. నేను కూర్చుంటా. ఇంకొకటి." ఊపిరి తీసుకుంది. "మిమ్మల్ని అక్కలెవరూ వాడి నాకియ్యలే. నేనే ఏరుకుంటాండా."

సుత్తి గాల్లోనే ఆగింది. మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి తీశాడు. ఇంత ఆలస్యమా దేవుడా అనుకుంది సాయిశ్రీ. చివరి మేకు బయటికొచ్చింది.

"మా నాయనను ఎప్పుడు తోడుకొని రమ్మంటారు?"

వంటింట్లోంచి సరోజమ్మ గొంతు ఖంగుమంది. "ముందా కుర్చీ ముగించప్పా! వరండాలో మీ మాటలన్నీ విన్నాలే. వేడినీళ్ళు కాచిందెవరో నాకు తెలీదనుకున్నావా? నా బిడ్డ తప్పు మీదేసుకున్నోనికి అడ్డం చెప్తానా? ఆదివారం తోడుకొని రా."