తెర మీద లేని అంకె

ఆ ఉదయం పాలు పొంగి పొయ్యి మీద పడ్డా ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. కోడలు తలవంచుకుని పొయ్యి తుడుస్తోంది. మామగారు ఫ్యాక్టరీ చొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చున్నారు. ఈ రోజు నుంచి ఆయన పనిలోకి రానక్కర్లేదని ఫోను అప్పటికే వచ్చేసింది.

ఆ ఇంటి కోడలిది చిత్రమైన ఉద్యోగం. మందుల ఫ్యాక్టరీకి తనిఖీ అధికారులు వచ్చే ముందు, సిబ్బందికి నోరు ఎప్పుడు విప్పాలో, ఎప్పుడు మూసుకోవాలో నేర్పడం. అడిగినదానికే జవాబు చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి, ఊహించి చెప్పకూడదు. ముప్పై ఏళ్ళుగా మాత్రల పొడి కలుపుతున్న మామగారు కూడా ఆమె ఎదుట బెంచీ మీద కూర్చుని బుద్ధిగా తలూపేవారు. పక్కవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటే ఆయన మురిసిపోయేవారు.

అసలు తనిఖీ పది రోజులుందనగా, నిన్న ఆమె ఉత్తుత్తి తనిఖీ పెట్టింది. పొడి కలిపే గదిలో గాలి తేమ పెరిగితే మందు పాడవుతుంది; ఆ తేమ చూపే గోడ మీది మీటరు రెండు రోజులుగా ఆగిపోయి ఉంది. తెర మీద అంకే లేదు. కింద పుస్తకంలో మాత్రం గంటగంటకీ నలభై నాలుగు అని రాసి ఉంది. ఆ గుండ్రటి చేతిరాత ఎవరిదో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు నివేదికలో రాసేసింది.

"నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషి," అన్నాడు భర్త. "నాన్న మీద నువ్వే రాస్తావా? ఆయన చెవిలో ఓ మాట వేస్తే సరిపోయేదిగా."

"ఆ మాత్రలు మింగేవాళ్ళ చెవిలో ఎవరు వేస్తారు?"

"నీ పాఠాలు ఫ్యాక్టరీలో చెప్పుకో. ఆయన పరువు మంటగలిపావు."

"అమ్మాయిని ఏమీ అనకురా," అన్నారు మామగారు. "తప్పు నాది. ఎప్పుడూ నలభై నాలుగే కదా అని రాసేశాను."

"మీటరు చూడకుండానా మామయ్యా?"

ఆయన చొక్కా గుండీ విప్పి మళ్ళీ పెట్టుకున్నారు.

"చూశానమ్మా. ఏడాదిగా రోజూ చూస్తూనే ఉన్నాను. పుస్తకం దగ్గరగా పెట్టుకుంటే కనిపిస్తుంది, ఆ తెర మాత్రం నాకు బూడిదరంగు మచ్చే. అంకె ఉన్నా అంతే, లేకపోయినా అంతే."

కొడుకు గొంతు తగ్గిపోయింది. "మాకు చెప్పొచ్చుగా నాన్నా."

"చెబితే పనిలోంచి తీసేస్తారని భయం. ఫ్యాక్టరీవాళ్ళ కంటి పరీక్షలో అట్ట మీది అక్షరాలు వరసగా బట్టీ పట్టి నెట్టుకొచ్చాను. కోడలు పాఠం చెప్పే చోట మామగారికి చూపు లేదని అనిపించుకోలేకపోయానమ్మా."

ఆమెకు ఏడుపు ఆగలేదు. అధికారి ఎదుట ఎలా నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఏడాదంతా ఈ మనిషికి నేర్పింది. ఒకే కప్పు కింద ఉంటూ, ఎలా ఉన్నారని ఒక్కనాడూ అడగలేదు.

"రాసింది తుడవలేను మామయ్యా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "కానీ కారణం తెలియక సగమే రాశాను. మిగతాది ఇద్దరం ఫ్యాక్టరీకి వెళ్ళి చెబుదాం."

"ఏడాది పుస్తకాలన్నీ తిరగేస్తారు."

"తిరగేయాల్సిందే."

ఆయన కుర్చీలోంచి లేచారు. "పద. ఏ రోజు ఏం చేశానో గుర్తున్నంత వరకు చెబుతాను."

"సాయంత్రం కంటి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను," అన్నాడు కొడుకు, భార్య ముఖం చూడలేక.

ఏడాదిగా గోడ తడుముకుంటూ దిగిన మెట్లను ఆ రోజు ఆయన కోడలి చేయి పట్టుకుని దిగారు.