పదకొండో నిమిషం

సైఫర్‌ను బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి బస్ స్టాప్‌లో కాల్చి చంపారు. తుపాకీకి సైలెన్సర్ ఉండటంతో పక్కన నిలబడ్డ ఆరుగురిలో ఎవరూ తల తిప్పలేదు. బస్సు వచ్చాకే, ఎక్కని మనిషిని వారు గమనించారు.

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు చీఫ్ తన గదిలో ఏజెంట్ నిదానాన్ని కూర్చోబెట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఏదీ తొందరపడి నమ్మడు కాబట్టి డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టుకున్న పేరది.

“మనలో అమ్ముడుపోయిన మనిషెవరో సైఫర్ కనిపెట్టాడు. ‘నా మెషీన్‌లోకి ఎవరో దూరారు, ఫోన్‌లో చెప్పను, వచ్చి చెప్తా’ అన్నాడు. బయల్దేరాడు. అంతే.”

“రిపోర్టు?”

“ఇంట్లో కంప్యూటర్‌లో ఉంది. దానికి సంకేతపు తాళం వేశాడు. అది ఆ మెషీన్ మీదే తెరుచుకుంటుంది. అందుకు పద్నాలుగు నిమిషాలు కావాలి. పదకొండో నిమిషంలో మెషీన్ ఆగిపోతోంది.”

“ఎందుకని?”

“టెక్నికల్ వింగ్ నుంచి పగడం వెళ్లి చూసింది. విదేశీ వైరస్ అంటోంది. నాలుగున్నరకి వచ్చి పెట్టె మొత్తం ల్యాబ్‌కి పట్టుకుపోతుంది. ఈలోగా నువ్వూ ఒకసారి చూడు.”

“వైరస్సేనని ఎలా తేల్చింది?”

“నమ్మాలయ్యా మరి.”

“నమ్మకం నా శాఖ కాదు సార్.”

చీఫ్ గోడ గడియారం వైపు చూశాడు. “సరిహద్దు దాటొచ్చిన మనవాళ్లు ఏడుగురు ఐదింటికి సేఫ్ హౌస్‌కి చేరతారు. ఆ ద్రోహికి ఆ ఇల్లు తెలిస్తే ఏడుగురూ పోయినట్టే. ఊరికే ఆపితే నడిరోడ్డు మీద దొరికిపోతారు. నాకు పేరు కావాలి.”

రెండున్నరకు మెకానిక్ వేషంలో, టూల్ బ్యాగుతో, నిదానం మూడో అంతస్తులో తలుపు తట్టాడు. సైఫర్ భార్య తీసింది.

“వారంటీ ఉందామ్మా?”

“అయిపోయి చాలా ఏళ్లయింది. చెప్పులు అక్కడే విడువు.”

రెండో వాక్యం కోడ్‌లో లేదు.

తలుపు వేశాక అతడు ఎప్పటిలాగే “వదినా” అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసులనే మళ్లీ కడగసాగింది. అతనికి దుఃఖం రాలేదు. రావలసిన చోట ఏమీ లేదని మాత్రం తెలిసింది.

కంప్యూటర్ పెట్టెకు నీలం రంగు మెత్తటి గుడ్డతో కుట్టిన కవర్ తొడిగి ఉంది. బటన్ నొక్కడానికి ముందువైపు గుండ్రంగా కోసి, అంచు ఓపికగా కుట్టి ఉంది.

“నేనే కుట్టాను, పోయిన చలికాలంలో,” అంది వదిన గుమ్మంలోంచి. “ఆయనకి దుమ్ము పడేది కాదు. దానికీ పడదేమోనని.”

నిదానం మొదట కరెంటును అనుమానించాడు. మెషీన్ ఆన్ చేసి, గోడ ప్లగ్గు పీకాడు. యూపీఎస్ కీచుమంది కానీ మెషీన్ ఆగలేదు. కరెంటు నిర్దోషి. ప్లగ్గు మళ్లీ పెట్టి, చేతిలో గడియారంతో కూర్చున్నాడు. పదకొండో నిమిషంలో తెర నల్లబడింది. వెంటనే మళ్లీ ఆన్ చేశాడు. ఈసారి మూడు నిమిషాలే నడిచింది. అరగంట ఊరికే వదిలేసి ఆన్ చేస్తే మళ్లీ సరిగ్గా పదకొండు.

మెషీన్ చల్లారిందో లేదో వైరస్ చూడదు. ఆ తేడా చూసేది వేడి ఒక్కటే.

కవర్ తీసి పక్కనపెట్టి, స్క్రూలు విప్పాడు. ప్రాసెసర్ మీది లోహపు రేకుల మధ్య నూగు దట్టంగా అట్టకట్టి ఉంది. చిన్న ఫ్యాను తిరగలేక ఒరుసుకుంటోంది. ఆ నూగు నీలం రంగులో ఉంది.

అతడు పక్కనున్న కవర్ అంచును వేళ్ల మధ్య నలిపి చూశాడు. గుడ్డ రాల్చిన నూగు ఫ్యానును పట్టేసింది. ఆగిపోతున్న మెషీన్‌ను చూసి, శత్రువు లోపలికి దూరాడనుకున్నాడు సైఫర్. అనుకున్నాడు కాబట్టే బస్ స్టాప్‌కు నడిచాడు.

బ్రష్షుతో నూగంతా ఒక కాగితంలోకి దులిపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు ఎండిపోతే గీకి, కొత్తది రాశాడు. నాలుగూ పద్నాలుగుకు తాళం తీసే ప్రోగ్రామ్ మొదలైంది.

నాలుగూ ఇరవై ఆరుకు పగడం వచ్చింది. ఎర్ర కోటు, నల్ల కళ్లద్దాలు, మనిషికంటే ముందు గదిలోకి వచ్చే సెంటు.

“ఆన్ చేశారా! వద్దని రాశాను కదా. వైరస్ అంతా తినేస్తుంది.”

“పన్నెండో నిమిషం మేడమ్. ఇంకా ఆకలి వేసినట్టు లేదు.”

ఆమె నల్ల కళ్లద్దాలు తీసింది. వంగి గోడ ప్లగ్గు పీకేసింది. యూపీఎస్ కీచుమంది. తెర రెప్ప కూడా వేయలేదు.

“అది ఇందాకే చూశాను,” అన్నాడు నిదానం.

హ్యాండ్‌బ్యాగులోంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ బయటికొచ్చింది. “పక్కకి జరుగు.”

వెనకనుంచి వదిన నీలం కవర్‌ను ఆమె తల మీదుగా దించి, రెండు చేతులా బిగించి లాగింది. తూటా చప్పుడు లేకుండా పైకప్పులోకి వెళ్లింది. పగడం మణికట్టును నిదానం మెలిపెట్టి పిస్టల్ లాక్కున్నాడు. పద్నాలుగో నిమిషం నిండింది. తెర మీద ఒక్క పేరే వచ్చింది: పగడం. కింద, ఆమెకు తెలిసిన సేఫ్ హౌస్‌ల జాబితా. ఐదింటికి చేరవలసిన ఇల్లు అందులో మొదటిది.

అతడు చీఫ్‌కు ఫోన్ చేశాడు. ఐదుకు నిమిషం ముందు, ఆ ఇంటి మలుపులో ఒక వ్యాను ఏడుగురినీ ఎక్కించుకుంది. పగడాన్ని తీసుకెళ్లడానికి మనుషులొచ్చారు.

వదిన బల్లమీది పిస్టల్‌ను చూసింది. “ఇదేనా?”

“ఇదే అయ్యుండాలి. ల్యాబ్ చెప్పాలి.”

ఆమె తల ఊపింది. “ఇంతకీ ఎందుకు ఆగిపోయేదది? ఆయన రాత్రంతా దాంతోనే కుస్తీ పట్టేవారు.”

జేబులో కాగితం బరువే లేదు.

“ఫ్యాను పాతబడింది వదినా.”

“అంతేనా?”

“అంతే.”

“ఆ కవర్ ఇలా ఇవ్వు. ఉతికి తొడుగుతా.”

“వద్దు. అది సాక్ష్యం. ఆఫీసుకి కావాలి.”

సాయంత్రం రిపోర్టులో ‘కారణం’ అన్న గడిలో అతడు ‘ఫ్యాను పాతబడినందున’ అని రాసి సంతకం చేశాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో రుజువు లేకుండా రాసిన వాక్యం అదొక్కటే. చీఫ్ వెంటనే నమ్మాడు.