పద్దెనిమిది వందల యాభైరెండులో వెస్లీ

"ఆ చేతికున్నదేంటి?" అంది మార్లిస్.

వెస్లీ చూసుకున్నాడు. "వాచీ."

"ఇది పద్దెనిమిది వందల యాభైరెండు. వలస బండి తోలేవాడికి బ్యాటరీ వాచీ ఎక్కడిదయ్యా? తీసెయ్. ఎద్దులకి ఎడమపక్క నడవాలి, కుడిపక్క కాదు. ఎంతమందికని చెప్పను!"

అది ఏప్రిల్‌లో, నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరి చరిత్ర సంఘంలో అతనికి మొదటిరోజు. కరెంటు పనులు చేసుకునే వెస్లీకి చరిత్ర మీద మోజేమీ లేదు. సంఘం ఆఫీసులో ఫ్యాను బిగిస్తూ, పాతకాలం టోపీ తాళ్లు ముడేసుకుంటున్న మార్లిస్‌ని చూశాడు. కిందికి దిగుతూనే సభ్యత్వం కాగితం మీద సంతకం పెట్టేశాడు.

ఎద్దుబళ్ల మీద పడమటి ఆరెగాన్‌కి వలసపోయిన ఆనాటి జనం కథని ఆ సంఘం ఏటా జూన్‌లో ఆడి చూపిస్తుంది. వేషం వేసుకున్నవాళ్లు ఆనాటి మనుషుల్లాగే మాట్లాడాలి. ప్రదర్శన ముగిసేదాకా ఈనాటి మాట నోట రాకూడదు. ఆ రూలు పెట్టింది మార్లిస్. "మైక్రోవేవ్" అన్నందుకు సంఘం అధ్యక్షురాలైన సొంత అమ్మమ్మ ఆర్లీన్‌నే నలుగురిలో మందలించింది.

జూన్‌లో ప్రదర్శన రోజు పొద్దున్నే వెస్లీ చెవిన ఒక కబురు పడింది. మార్లిస్‌కి ఆరెగాన్‌లో మ్యూజియం ఉద్యోగం వచ్చిందట. సోమవారమే ప్రయాణం. మనసులో మాట అతనింకా చెప్పనేలేదు. చెబుదామని పరిగెత్తేసరికి ఆమె వేషంలో ఉంది.

బండి వాగులోకి దిగి ఆగింది. ఊరంతా గట్టు మీద కూర్చుని చూస్తోంది. "నీళ్లు లోతా?" అని అడగాల్సిన వెస్లీ వేరే మాట ఎత్తుకున్నాడు.

"అమ్మాయిగారూ, ఆరెగాన్ వెళ్తున్నారట?"

"అందరం అటేగా వెళ్తున్నాం." ఇది స్క్రిప్టులో లేదని ఆమె కళ్లు ఉరిమాయి.

"అంత దూరం ఒంటరిగానా?"

"మా బండి గట్టిదే లెండి."

"బండి సంగతి సరే. మీమీద ప్రాణాలు పెట్టుకున్నవాడు ఇక్కడే ఉండిపోతే వాడి గతేంటి? కాస్త చోటిస్తే నేనూ వస్తాను. చేతిలో పనుంది, ఎక్కడైనా బతకగలను."

జనం చప్పట్లు కొట్టారు. మార్లిస్ బుగ్గలు ఎర్రబడ్డాయి.

"చోటుంది. రండి," అంది మెల్లగా.

వెస్లీకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే నీరుగారిపోయింది. ఒప్పుకున్నది మార్లిసా, ఆమె వేసిన వేషమా? అడుగుదామంటే రూలు అడ్డం.

మార్లిస్ అతని మొహం చూసింది. యాప్రాన్ జేబులోంచి ఫోను తీసి అందరి ముందూ పైకెత్తింది. ఇన్నాళ్లూ ఊరందరినీ తనిఖీ చేసిన మనిషి జేబులోనే ఫోను!

"చూడు వెస్లీ, ఇది ఫోను. నేను మార్లిస్‌ని. నువ్వెప్పుడు నోరు విప్పుతావా అని రెండు నెలలుగా చూస్తున్నాను. నిజంగా వస్తావా?"

"వస్తాను. సోమవారమే."

"మరి ఇష్టమని చెప్పవేం?"

"చాలా ఇష్టం. నువ్వు తిడుతున్నా సరే ఇష్టం."

ఆర్లీన్ కళ్లు తుడుచుకుని గొంతు పెంచింది. "ఎద్దులు నీళ్లలో నానుతున్నాయి, జనం ఎండలో మాడుతున్నారు. ముద్దు పెట్టుకునేదుంటే పెట్టుకుని బండి కదపండమ్మా!"

పెట్టుకున్నారు. ఈలోగా ఎవరూ తోలకుండానే ఎద్దులు వాగు దాటేశాయి.