రెండున్నర మీటర్ల రెక్క

ఉదయం ఏడయింది. స్టవ్ మీది పాల మీద ఒక కన్ను, భర్త మీద ఒక కన్ను వేసి నిలబడి ఉంది ఆమె. ఆయన బల్ల అంచు మీద వేళ్ళు జరుపుకుంటూ వెళ్ళి కాఫీ కప్పు పట్టుకున్నాడు. ఎనిమిది నెలలుగా ఇదే తంతు. రెండు కళ్ళలోనూ సరిగ్గా చూపు మధ్యలో బూడిదరంగు మచ్చ. చుట్టుపక్కలవి మసకమసకగా తెలుస్తాయి కానీ, దేన్ని చూడాలనుకుంటే అదే కనబడదు. ముఖాలు పోయాయి. అక్షరాలు పోయాయి. అన్నిటికంటే ముందు, ఆకాశంలో ఎగిరే చిన్న విమానం పోయింది.

"ఇవాళ సాయంత్రం క్లబ్బు మీటింగుందిగా," అన్నాడు ఆయన. "నేను రాను. నువ్వెళ్ళి చెప్పిరా."

"ఏమని చెప్పను?"

"మనింట్లో ఉన్నవన్నీ క్లబ్బుకి ఇచ్చేస్తున్నానని. విమానాలు, చెక్క, పనిముట్లు, రిమోట్లు, మొత్తం. ఆదివారం బండి తెచ్చుకుని పట్టుకుపొమ్మను."

ఆమె స్టవ్ కట్టేసింది. "మొత్తమా?"

"ఒక్క మేకు కూడా ఉంచొద్దు."

ఆసుపత్రి ల్యాబులో డ్యూటీకి తయారవుతున్న కూతురు జడ వేసుకుంటూ వచ్చి, "మంచిదేగా అమ్మా," అంది. "ఆ గదిలో అడుగుపెడితే చాలు, నాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడరు. అవి కళ్ళముందు లేకపోతేనే నయం."

ఆమె పాలు గ్లాసుల్లో పోసింది. నీకేమైనా అభ్యంతరమా అని ఆ ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అడగాలన్న ఊహే వాళ్ళకి రాలేదు.

ఆయన ముప్ఫై నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆమె ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. రిమోట్‌తో ఎగరేసే విమానాలు కట్టడం ఆయన సరదా. మొట్టమొదటి విమానానికి చెక్క పని అంతా ఆయన చక్కగానే చేశాడు. పైన వేడికి అతుక్కునే రంగు ఫిల్ము అతికించేసరికి మాత్రం అది ముడతలుపడి, నీళ్ళలో నానిన చేతివేలిలా తయారైంది. ఆ ముడతలు చూడలేక ఆమె దాన్ని లాక్కుని, మొత్తం ఊడదీసి, చిన్న ఇస్త్రీపెట్టెతో మళ్ళీ అతికించింది. ఆనాటి నుంచి ఇరవై ఆరేళ్ళలో పందొమ్మిది విమానాలకు తొడుగు ఆమెదే. మైదానంలో మాత్రం ఆమె చాప మీద కూర్చుని సంచీ కాపలా కాసేది. క్లబ్బువాళ్ళు ఆయన భుజం తట్టి, "ఏం చెయ్యయ్యా నీది, తొడుగు అద్దంలా ఉంది," అనేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. చెడ్డవాడు కాదు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పాలని తోచేది కాదు, అంతే.

క్లబ్బు మీటింగు ఎప్పుడూ పళ్ళడాక్టరుగారి క్లినిక్కులోనే. రోగులు కూర్చునే బెంచీల మీద ఎనిమిది మంది సర్దుకున్నారు. చలికాలం మూడు నెలలూ మంచు, ఈదురుగాలి. ఎగరేయడం కుదరదు కాబట్టి అందరూ ఇళ్ళలో కూర్చుని కొత్తవి కడతారు. ఎవరు ఏది కడుతున్నారో ముందే చెప్పుకుంటే చెక్క అంతా ఒకేసారి తెప్పించుకోవచ్చని డాక్టరుగారు నోటుబుక్కులో రాసుకుంటారు.

"నేను ఈసారి నీళ్ళమీద దిగేది కడుతున్నాను," అన్నాడు డాక్టరు.

"నాది రెండంతస్తుల రెక్కలది," అన్నాడు రిటైరైన బస్సు కండక్టరు.

"మూడో చలికాలం అదే మాట," అన్నారెవరో. అంతా నవ్వారు.

"అన్నగారి సంగతేమిటి వదినా?" అని డాక్టరు ఆమె వైపు తిరిగాడు.

ఆమె లేచి నిలబడింది. బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటలు మనసులో కూడబలుక్కుంటూనే ఉంది. 'మావన్నీ ఇచ్చేస్తున్నాం, ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి.' నాలుగైదు ముక్కలు. నోరు తెరిచేసరికి అవి రాలేదు.

"మా ఇంటి నుంచి ఒక గ్లైడరు రాసుకోండి," అంది. "ముక్కుకి చిన్న మోటారు, రెండున్నర మీటర్ల రెక్క. నేను కడతాను. ఎగరేసేది కూడా నేనే."

డాక్టరు పెన్ను ఆగిపోయింది. కండక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "వదినా, రెక్కకి ఇస్త్రీ చెయ్యడం వేరు, రెక్క కట్టడం వేరు."

"నిజమే అన్నయ్యా. మీరు మూడేళ్ళుగా కట్టకుండా ఉన్నారు కదా, అదెంత కష్టమో మీకే తెలియాలి."

ఈసారి నవ్వులు కండక్టరు మీదికి మళ్ళాయి. డాక్టరు మాత్రం నవ్వలేదు. "అన్నగారు ఏమన్నారు?" అని మెల్లగా అడిగాడు.

"ఆయన రానన్నారు. నేను వచ్చాను," అని ఆమె కూర్చుంది.

ఆమె ఇల్లు చేరేలోపే కబురు ఫోన్లో చేరింది. ఆయన హాల్లో కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు.

"నేను చెప్పమన్నదేమిటి, నువ్వు చెప్పిందేమిటి?"

"మీరు చెప్పమన్నది చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు."

"నవ్వింది నన్ను చూసి. మీ పరువు భద్రంగానే ఉంది."

"ప్లాను చదవడం వచ్చా నీకు? బరువు ఎక్కడ తూగాలో తెలుసా? నువ్వు చేసిందల్లా పైపై పని."

ఆ మాటకి ఆమె చెప్పులు విప్పుతున్నదల్లా ఆగింది. "ఆ పైపై పని మీకు ఎందుకు చేతకాలేదో ఎప్పుడైనా ఆలోచించారా?"

"అమ్మా, ఇక వదిలెయ్," అని కూతురు అడ్డుపడింది. "ఈ వయసులో ఎగరేయడం ఇప్పుడు నేర్చుకుంటావా? అరవై రెండేళ్ళకా?"

"అరవై మూడుకి మొదలుపెడితే ఇంకా ఆలస్యమవుతుంది," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కూతురిచేత నంబరు నొక్కించుకుని, ఆదివారం తప్పకుండా బండి తీసుకురమ్మని స్వయంగా డాక్టరుకి చెప్పాడు.

ఆదివారం పదిగంటలకి బండి వచ్చింది. డాక్టరు ఇబ్బందిపడుతూనే లోపలికి వచ్చాడు. పనిగది గుమ్మానికి అడ్డంగా ముక్కాలిపీట వేసుకుని ఆమె కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాను కాగితం. చేతిలో పల్చటి బాల్సా చెక్క, బ్లేడు. రెక్క లోపల వరసగా నిలబెట్టే పక్కటెముకలు కోస్తోంది. ముప్ఫై కావాలి, పదకొండు అయ్యాయి.

"లే," అన్నాడు ఆయన.

"లేవను."

"అవి నావి."

"ఏవి మీవి? చేత్తో ముట్టుకుని చెప్పండి. లోపలి చెక్క మీది, కాదనను. పైన తొడుగు నాది. ఒలిచి విడిగా ఇమ్మంటారా డాక్టరుగారికి?"

డాక్టరు గొంతు సవరించుకుని, "నేను కాసేపు బండిలో కూర్చుంటాను," అన్నాడు. ఎవరూ వినిపించుకోకపోవడంతో అక్కడే నిలబడిపోయాడు.

"నాన్న ఎంత బాధపడుతున్నారో నీకు కనబడట్లేదా అమ్మా?" అంది కూతురు. "మొండితనానికైనా ఒక హద్దుండాలి."

"బాధ నాకు చెప్పకు. ఎనిమిది నెలలుగా ఆ బాధ పక్కనే పడుకుని లేస్తున్నాను."

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు. "మైదానం నుంచి మోటార్ల చప్పుడు వినిపిస్తుంది. ఆదివారం వస్తే కిటికీలన్నీ మూసుకుని కూర్చుంటున్నాను. ఇప్పుడు ఇంట్లో కూడా ఆ రంపం, ఆ జిగురు వాసన. నేను చూడలేనిది నా ఇంట్లో ఎందుకుండాలి? చెప్పు. ఎందుకుండాలి?"

ఆమె బ్లేడు కింద పెట్టింది.

"మీ చూపు పోయిందని నేను ఏడవని రోజు లేదు," అంది. "కళ్ళల్లో మందు వేస్తాను. పేపరు చదివిపెడతాను. ఓపికున్నంత కాలం చేస్తాను, అదేం నాకు బరువు కాదు. కానీ మీకు కనబడదని నన్ను కూడా కళ్ళు మూసుకోమంటే మాత్రం మూసుకోను. ఇరవై ఆరేళ్ళు చాప మీద కూర్చుని తల పైకెత్తి చూశాను. ఒక్కసారి ఆ రిమోట్ నా చేతిలో పెడతారేమోనని చూశాను. మీరు పెట్టలేదు. నేనూ అడగలేదు, అది నా తప్పు. ఇప్పుడు కూడా అడగడం లేదు. కడుతున్నానని చెబుతున్నాను."

ఆయన తడుముకుంటూ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"వదినా," అన్నాడు డాక్టరు, "నా క్లినిక్కులో అసలే చోటు తక్కువ. ఇవన్నీ ఇక్కడే ఉండనివ్వండి." ఖాళీ బండి తిరిగి వెళ్ళిపోయింది.

చలి ముదిరింది. మధ్యాహ్నాలు ఆమె యూనిఫాంల పని ముగించి పనిగదిలో కూర్చునేది. మొదటి రెక్క కట్టి బల్లమీద పెడితే ఒక కొస అరంగుళం పైకి లేచింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు దాన్ని ముక్కలుగా కోసి చెత్తబుట్టలో వేసి మొదటినుంచి మొదలుపెట్టింది. అది చూసిన కూతురు ఏమీ అనకుండా పక్కన కూర్చుని ప్లానులో కొలతలు చదివిపెట్టడం మొదలుపెట్టింది. శనివారాలు గాలి లేని పూట చూసి డాక్టరు తన పాత విమానంతో ఆమెకి ఎగరేయడం నేర్పేవాడు. డాక్టరు చేతిలో ఒక రిమోట్, దానికి జతచేసినది ఆమె చేతిలో ఒకటి. ఆమె తడబడితే ఆయన అందుకునేవాడు. నాలుగో వారానికి అందుకోవాల్సిన అవసరం తగ్గింది.

ఇంట్లో భర్త మాత్రం ఆ గది వైపు రాలేదు. గరుకు కాగితం చప్పుడు వినిపిస్తే రేడియో పెంచేవాడు. మందులు వేసుకున్నారా, వేసుకున్నాను. ఇద్దరి మధ్యా మాటలు అంతవరకే.

ఒకరోజు ఆమె కుట్టిన యూనిఫాంలు ఇచ్చిరావడానికి బడికి వెళ్ళింది. కూతురు డ్యూటీలో ఉంది. ఆయన లేచి పనిగదిలోకి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఆయనకే తెలియదు. పైకప్పునుంచి వేలాడుతున్న పసుపురంగు విమానం రెక్క నుదుటికి తగిలింది. దాన్ని పట్టుకున్నాడు.

కళ్ళున్న రోజుల్లో ఆయన విమానాన్ని చూసే తీరు వేరు. ముక్కు దగ్గర కన్ను పెట్టి చెక్క తిన్నగా ఉందా లేదా చూసేవాడు. తొడుగును ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు వేళ్ళు తప్ప వేరే దిక్కు లేదు. ఫిల్ము ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అని అంచుకోసం వెతికాడు. దొరకలేదు. రెక్క కింద, ఎవరూ చూడని చోట, గోరుతో గీకితే వెంట్రుకవాసి గీత తగిలింది. చక్రం ఇరుసు దూరే రంధ్రంలోకి చిటికెనవేలు పెట్టాడు. అక్కడ కూడా అంచు రెండు మడతలు పెట్టి లోపలికి అతికించి ఉంది. ఈ పసుపుది ఎన్నోసార్లు కూలింది. ప్రతిసారీ చెక్క విరిగినచోట అతికించి ఆమెకిచ్చి, "అయిందా?" అని అడిగి మళ్ళీ పట్టుకుపోయేవాడు. ఇప్పుడు తొడుగు మీద ఒక్కొక్క అతుకూ లెక్కపెడుతూ నిలబడిపోయాడు.

తలుపు చప్పుడైంది. ఆమె వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఈ పసుపుదానికి ఎన్ని అతుకులు వేశావు?" అని ఇటు తిరగకుండానే అడిగాడు.

"పదకొండు."

"నాకు ఏడే దొరికాయి."

"మిగతావి దొరక్కూడదనే వేశాను."

ఆయన పీట మీద కూలబడ్డాడు. భుజాలు కదిలిపోతున్నాయి. చూపు పోయిందని కంటిడాక్టర్లు చెప్పిన రోజున కూడా ఆయన ఇలా ఏడవలేదు. "అందరూ నా చెయ్యి అంటుంటే ఊరుకున్నాను," అన్నాడు. "ఇన్నేళ్ళూ ఊరుకున్నాను."

"ఊరుకున్నారు," అంది ఆమె. పోనీలెండి అనలేదు. ఆయన ఏడుస్తున్నంతసేపూ పక్కనే నిలబడింది. తన కళ్ళు కూడా తుడుచుకుంది. తర్వాత ఆయన చేతిలో రుమాలు పెట్టి, "లేవండి," అంది. "కుడి రెక్క జిగురు ఆరేదాకా ఎవరో ఒకరు కదలకుండా పట్టుకోవాలి. మీ అంత స్థిరంగా పట్టుకునేవాళ్ళు ఈ ఇంట్లో లేరు."

ఆయన లేచాడు. అరగంటసేపు కదలకుండా పట్టుకున్నాడు. ఆ సాయంత్రం కూతురు వచ్చేసరికి, బరువు అంగుళం ముందుకు జరపాలని ఆయన, అక్కర్లేదని ఆమె గట్టిగా వాదించుకుంటున్నారు. కూతురు సంచీ కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళి, చాలా రోజులకి, తనే ముగ్గురికీ కాఫీ పెట్టింది.

మంచు విడిచిన మొదటి ఆదివారం క్లబ్బంతా మైదానంలో ఉంది. తెల్లటి గ్లైడరు, రెండున్నర మీటర్ల రెక్క, అంచున సన్నటి నీలంగీత. చక్రాలు లేవు కనక దాన్ని నేలమీంచి లేపడం కుదరదు, ఎవరైనా చేత్తో విసరాలి. డాక్టరు ముందుకొచ్చాడు.

"ఆయన విసురుతారు," అంది ఆమె.

"కనబడదు కదా వదినా," అన్నాడు కండక్టరు.

"విసరడానికి కళ్ళెందుకోయ్?" అన్నాడు ఆయన. "గాలి చెంపకి తెలుస్తుంది." కూతురు గ్లైడరు అందించింది. ఆయన ముఖం అటూ ఇటూ తిప్పి, ఒకచోట ఆపి, గాలి ఎడమ చెంపకీ కుడి చెంపకీ సమంగా తగిలేదాకా నిలబడ్డాడు. "మోటారు వెయ్యి," అన్నాడు. మూడడుగులు గట్టిగా వేసి, చెయ్యి చాచి వదిలాడు.

బరువు చేతిలోంచి పోయింది. చప్పుడు పైకి, ఇంకా పైకి, తర్వాత పల్చబడి ఆగిపోయింది. మోటారు కట్టేసిందన్నమాట. అంటే గాలిమీదే తేలుతోంది. ఆయన చాచిన చెయ్యి దించడం మరిచిపోయాడు.

"లేచిందా? ఎటు తిరుగుతోంది?" అని అడిగాడు.

"కాసేపు మాట్లాడించకండి," అంది ఆమె, ఆకాశం నుంచి చూపు మరల్చకుండా. "నా చేతులు ఖాళీ లేవు."

కండక్టరు జాలిపడి ఆయన చెవి దగ్గర చేరి, "చెరువుగట్టు మీదుగా ఎడమకి..." అని మొదలుపెట్టాడు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. చెంపలు తడిసి ఉన్నాయి, తుడుచుకోలేదు. ఆమె గొంతు వినబడిన వైపు నడిచి, భుజానికి భుజం తగిలేలా నిలబడ్డాడు.

"నువ్వుండు," అన్నాడు. "తీరిక దొరికాక తనే చెబుతుంది."