మస్తాను అడుగులు

ఇంటింటి గోడమీది భూశ్రావిణి పొద్దుటి పాట ఎత్తుకోగానే వీధిలో జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగి చెవులు రిక్కించారు. రాత్రంతా నేల పొరల్లో జరిగిన కదలికలను నిమిషంలోకి కుదించి వినిపించే పెట్టె అది. దూరపు సముద్రం హోరు, అడుగున ఎక్కడో రాయి మూలుగు. గర్జన మాత్రం లేదు. ఒంగోలు ఊపిరి పీల్చుకుని పనుల్లో పడింది. పెద్ద భూకంపం తరువాత ఊరు అలాగే బతుకుతోంది.

ఆ పాటను ఎలా శుద్ధిచేయాలో పెట్టెలకు చెప్పే ఆదేశపాఠాలు రాసేది ఇందుమతి. బండ్ల అదురు, రోటి పోటు, మనుషుల నడక జల్లించి పారేస్తేనే నేల గొంతు తేటగా వినబడుతుంది.

"పారేసిన చప్పుళ్ళు యాడికి పోతాయమ్మా?" అని ఒకనాడు ఎదురింటి ఖాసింబీ అడిగింది.

"ఎక్కడికీ పోవు పెద్దమ్మా. మూలప్రతిలో ఉంటాయి."

"అయితే మా మస్తాను నడక కూడా ఉంటదా?"

మస్తాను ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఒక కాలు ఈడ్చి నడిచేవాడు. నిరుడు జ్వరంతో పోయాడు.

ఇందుమతి ఆ ఇంటి పాత నమోదు తీసి, ఆదేశపాఠంలోంచి నడకను జల్లించే వాక్యాన్ని తుడిచేసి, వేగం తగ్గించింది. ఒక బరువైన అడుగు, వెంట ఒక ఈడ్పు. వంటింట్లోంచి వాకిట్లోకి.

ఖాసింబీ పెట్టెకు చెంప ఆనించి, "వస్తన్నాడు" అంది.

సంగతి వీధంతా పాకింది. భర్త పోయినవాళ్ళు, బిడ్డ పోయినవాళ్ళు ఇందుమతి గుమ్మం ముందు నిలబడ్డారు. అడిగిన ప్రతివాళ్ళకూ, పోయిన మనిషి నడక వాళ్ళ ఇంటి పెట్టెలో వినబడేలా చేసిపెట్టింది.

ఒక మధ్యాహ్నం పెట్టెలన్నీ ఒక్కసారిగా హెచ్చరిక నాదం చేశాయి. హెచ్చరిక రాగానే అందరూ చేరాల్సిన మైదానానికి పరుగెత్తబోయిన ఇందుమతి, ఎదురింటి తలుపు మూసి ఉండటం చూసి, వీధి దాటి లోపలికి చొరబడింది.

"పెద్దమ్మా, వినబడలేదా? లే!"

"ఇనపడింది." ఖాసింబీ గోడకు ఆనుకునే ఉంది. "వాడు ఇంట్లో తిరగతన్నాడు. వదిలేసి ఎట్టా వచ్చేది? నువ్వు పో తల్లీ."

చెయ్యి పట్టి లాగినా ఆమె కదల్లేదు. ఇందుమతి ఆమెను పొదివి పట్టుకుని అక్కడే కూలబడింది. నేల అదిరింది. దూలాలు కిర్రుమన్నాయి, నెత్తిన సున్నం రాలింది. అంతలో ఆగిపోయింది.

సాయంత్రం ఇందుమతి ఆ ఘడియ నమోదును జల్లించకుండా వింది. వీధి వీధంతా తొక్కిసలాటగా పరుగెత్తిన చప్పుడు వినబడాలి. వినబడింది ఒక్కరి పరుగే: తన గడపనుంచి ఎదురింటి గడపదాకా.

ఇళ్ళన్నిటా మనుషులున్నారు. ఒక్కరూ అడుగు కదపలేదు.